మసర్రత్ ఊరుకోవడం నేర్చుకున్న నెల

శంషాబాద్‌లో మా స్పీచ్ థెరపీ సెంటర్ మెట్లెక్కుతుంటేనే మసర్రత్ గొంతు వినిపించేది. మాటలు రాని పిల్లలకు మాటలు నేర్పడం ఆమె ఉద్యోగం, నాదీ అదే. ఆమె ప్రశ్న అడుగుతుంది, జవాబూ తనే చెబుతుంది, శభాష్ కూడా తనే అంటుంది. పోట్లాడదామన్నా సందివ్వదు. అంత మంచి మనిషి మీద కోపం తెచ్చుకోవడం నాకెప్పుడూ చేతకాలేదు.

2012లో రావిర్యాల నుంచి రేణుకమ్మ తన నాలుగేళ్ల కూతురు మనీషాను తీసుకొచ్చేది. పిల్లకు వినికిడి బాగానే ఉంది, మాట మాత్రం లేదు. నెలలు గడిచాయి. చేను పని పాడవుతోందని ఇంట్లో గొడవ. చివరికి రేణుకమ్మ చెప్పేసింది.

"ఈ నెలొక్కటి చూస్తనక్కా. గప్పటికీ మాట రాకుంటే ఇగ రాము."

ఆ రోజు మసర్రత్ టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పిల్లలతో మేం కూర్చున్నప్పుడు వీడియో తీస్తారు. మేం మాట్లాడిన చోట ఎర్రగీత, పిల్లలు నోరు విప్పిన చోట పచ్చగీత వచ్చేలా, ఆ వీడియోలు తీసే జగదీశ్ కంప్యూటర్‌లో ఎక్కిస్తాడు. నెలకోసారి అందరం ఆ గీతలు చూసుకుని మా పని దిద్దుకుంటాం. మసర్రత్‌ది ఆరబోసిన మిరపకాయల్లా ఒకటే ఎరుపు. మాట్లాడకుండా మాటలెట్లా నేర్పుతారని ఆమె అలిగింది.

జగదీశ్ మనీషాతో ఆమె పాత వీడియోల గీతలన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చాడు. అక్కడక్కడ ఎరుపు తెగింది. తెగిన చోటల్లా ఓ చిన్న పచ్చచుక్క. ఏముందా అని వేసి విన్నాం. విమానం మోత. మీదుగా విమానం పోతే ఎంత అరిచినా వినబడదు కాబట్టి అప్పుడు మాత్రం మసర్రత్ నోరు మూసుకుంటుంది. మోత సన్నబడ్డాక, ఆమె మళ్లీ అందుకునేలోపు, మనీషా ఏదో అనబోతోంది.

"అంటే పిల్లకు నేనే అడ్డమున్ననా?" అంది మసర్రత్. నాకు ఆమెను దగ్గరికి తీసుకోవాలనిపించింది.

మర్నాడు ఆమె సబ్బునీళ్ల బుడగలు ఒక్కసారి ఊది, పుల్ల పెదాల దగ్గర పెట్టుకుని ఊరుకుంది. దుపట్టా కొస పిడికిట్లో నలిగిపోతోంది. ఆ పూట విమానం కూడా లేదు. గది అద్దానికి ఇవతల నేనూ రేణుకమ్మా కదలకుండా నిలబడ్డాం. పిల్ల పుల్లను చూసింది, ఆమెను చూసింది, మళ్లీ పుల్లను చూసింది. లోపలికెళ్లి ఆ బుడగలేవో నేనే ఊదేద్దామనిపించింది.

"ఊదు," అంది మనీషా.

మసర్రత్ ఊదలేదు. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. పిల్లకు విసుగొచ్చింది. ఆమె చేతిని నోటి దగ్గరికి నెట్టి మళ్లీ అంది, ఈసారి గట్టిగా.