నీళ్ళ కింద మా అమ్మాయి ముఖం

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు, బెంగళూరు వర్తూరులో మా అపార్ట్‌మెంటుకు దగ్గరలోని ఈతకొలనులో చేర్పించాం. రెండు నెలల్లో చేతులు, కాళ్ళు చక్కగా ఆడించడం నేర్చుకుంది. కానీ సగం దూరం వెళ్ళేసరికి, సరిగ్గా కొలను లోతయ్యే చోట ఆగిపోయేది. పక్కనున్న తాడు పట్టుకుని, దగ్గుతూ రొప్పేది. ఒకసారి కాదు, ప్రతిసారీ.

నాకు ఈత రాదు. గట్టు పక్కన బెంచీ మీద కూర్చుని చూస్తూ, అది ఆ చోటికి చేరేలోపే లేచి నిలబడేదాన్ని. డాక్టరుకు చూపిస్తే ఊపిరితిత్తులు బాగున్నాయన్నారు. దాంతో నా భయం ఇంకా పెరిగింది. ఏ జబ్బూ లేని పిల్ల నీళ్ళ మధ్యలో ఎందుకు ఆగిపోతోంది?

ఈత నేర్పే మాస్టారు తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగాయన. ఆయన్నే అడిగాను.

"పైనుంచి చూస్తే అంతా సరిగానే ఉండాది మేడమ్. నీళ్ళ లోపల ఏం చేస్తా ఉండాదో? నేను మునిగి చూస్తే, నన్ను చూసి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాది. ఎవరైనా వీడియో తీస్తే చెప్పగలను."

ఫోన్‌ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి నీళ్ళలో ముంచాను. తెర నా వేలిని పట్టించుకోలేదు. ఇక కెమెరా కొనాల్సిందే అనుకున్నాను.

వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం, అంటే పొద్దస్తమానం తప్పులు వెతకడమే. కెమెరాల దగ్గరా అదే చేశాను. భోజనం డబ్బా ముందు పెట్టుకుని, కొన్నవాళ్ళు రాసిన అభిప్రాయాలు చదివేదాన్ని. వందమంది బాగుందని రాసినా, మొదటి రోజే లోపలికి నీళ్ళు పోయాయని రాసిన ఒక్కడి మాటే నా బుర్రలో తిరిగేది. పదిహేను మీటర్ల లోతు దాకా నీళ్ళను తట్టుకునే కెమెరా ఒకటి, ముప్పై మీటర్ల దాకా తట్టుకునేది ఇంకొకటి. ముప్పై మీటర్లదే ఖాయం చేసుకుని, శనివారం ఒక కెమెరా దుకాణానికి వెళ్ళాను.

దుకాణంలో పెద్దాయన ఒక్కరే ఉన్నారు. "ఎంత లోతులో తీస్తారమ్మా?" అని అడిగారు.

"నాలుగడుగులు."

ఆయన నవ్వలేదు. "ఎవరిని తీసేది?"

చెప్పాను. చెబుతూ చెబుతూ కౌంటరు అంచు పట్టుకున్నాను. ఆయన స్టూలు జరిపి కూర్చోమన్నారు.

"మీరు చూడాల్సింది లోతు కాదమ్మా, వెలుతురు. కొలను మీద కప్పు ఉండాదా?"

"ఉంది. రేకులు."

"అయితే ఇది చూడండి. దీని లెన్సు చీకట్లో కూడా బాగా చూస్తాది. లోతు పదిహేనే అయినా మీకు ఎక్కువే. బిడ్డ ముఖం తేటగా కనబడాల కదా?"

బ్యాటరీ తలుపు తెరిచి, అంచు చుట్టూ ఉన్న సన్నటి రబ్బరు చూపించారు. "ఇక్కడ ఒక్క వెంట్రుక చిక్కినా నీళ్ళు దూరతాయి. మూసే ముందు తుడవండి. భయపడొద్దండి, పర్వాగిల్ల," అని కన్నడం కలిపి ధైర్యం చెప్పారు.

ఇంటికొచ్చి ఆ రబ్బరును నాలుగుసార్లు తుడిచాను. కెమెరాను బకెట్టు నీళ్ళలో గంటసేపు ముంచి ఉంచాను. తీసి తలుపు తెరిచి, లోపల టిష్యూ కాగితం అద్దితే పొడిగానే ఉంది. అయినా నమ్మకం కుదరక మళ్ళీ ముంచాను.

మరునాడు మిగతా పిల్లలు వెళ్ళిపోయాక కొలను మేనేజరు వీడియో తీయడానికి పది నిమిషాలు అనుమతిచ్చాడు. నేను మెట్లు పట్టుకుని కొలనులో దిగాను. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. అడుగులో పలకలు జారుతున్నాయి. ఒక చేత్తో గోడ అంచు పట్టుకుని, రెండో చేత్తో కెమెరా ముంచి బటన్ నొక్కాను. మా అమ్మాయి నా వైపు ఈదుకుంటూ వచ్చి, నన్ను దాటి, ఎప్పటిలాగే సగంలో ఆగి తాడు పట్టుకుంది.

గట్టు మీద మాస్టారు ఆ వీడియోను ఒకచోట ఆపారు. తెర మీద దాని ముఖం. బుగ్గలు పొంగి, పెదాలు బిగుసుకుని ఉన్నాయి.

"బుడగలు ఏవి మేడమ్?" అన్నారు.

ఎక్కడా ఒక్క బుడగ లేదు.

"నీళ్ళలో ఊపిరి వదలడంలేదు. పాత గాలంతా లోపలే పెట్టుకుంటే కొత్త గాలి ఎట్ల పోతాది?" అని, దాని వైపు తిరిగి, "ఎందుకు వదలవమ్మా?" అని అడిగారు.

అది తువ్వాలు కప్పుకుని వణుకుతోంది. "అమ్మే చెప్పింది. నీళ్ళలో ఊపిరి గట్టిగా బిగబట్టుకో, అస్సలు వదలొద్దు అని."

చెప్పాను. మొదటి రోజు, బట్టలు మార్చే గదిలో, టోపీ తొడుగుతూ చెప్పాను. నాకు తెలిసిందంతే.

మాస్టారు వీడియో మళ్ళీ నడిపారు. "తల పక్కకు తిప్పినప్పుడల్లా బెంచీ దాకా తిరిగిపోతా ఉండాది. అక్కడేముండాది?"

"అమ్మ లేచిందేమోనని చూస్తా."

"లేస్తే?"

"నాకేదో అవుతోందని."

నేను నీళ్ళలో ఉన్నాను కాబట్టి ఆరోజు బెంచీ ఖాళీ. అయినా అలవాటు కొద్దీ అటే చూసింది. నేను కెమెరా తీసుకుని, తుడవాల్సిన అవసరం లేకపోయినా తుడుస్తూ నిలబడ్డాను. ఏడిస్తే అది ఇంకా భయపడుతుంది.

మాస్టారు దానికి నీళ్ళలో ముఖం పెట్టి "ఊఁ" అంటూ గాలి వదలడం నేర్పించారు. నన్ను మాత్రం బయట వరండాలో కూర్చోమన్నారు. అక్కడినుంచి కొలను కనబడదు. చప్పుళ్ళు వినబడతాయి. ఒక్కో చప్పుడికీ నేను కుర్చీ అంచుకు జరిగేదాన్ని, లేవకుండా ఆ కుర్చీనే రెండు చేతులతో పట్టుకునేదాన్ని.

మూడో వారం, నీళ్ళు కారుతున్న జుట్టుతో పరుగెత్తుకొచ్చింది. "అవతలి గోడ ముట్టుకున్నా!"

"దగ్గొచ్చిందా?" అన్నాను.

"రాలేదు."

"మధ్యలో ఎక్కడైనా ఊపిరి..."

"అమ్మా!" అంది.

నోరు మూసుకుని దాని తల తుడిచాను.