పాస్‌పోర్టుకి పెట్టిన బొట్టు

మలేషియా వెళ్లాలన్న కోరిక మా అక్కది. పెళ్లయినప్పటి నుంచి జగ్గయ్యపేటలో బావగారి హోల్‌సేల్ కిరాణా కొట్టే తన లోకం. ఫోన్లో అక్కడి సుబ్రహ్మణ్యస్వామి విగ్రహం చూసి, "ఒక్కసారి విమానమెక్కి ఆయన్ని చూసొద్దామే" అంది. నేను నందిగామలో టీచర్ని. వేసవి సెలవులివ్వగానే టికెట్లు కొన్నాను, రానూపోనూ మనిషికి ఇరవై రెండు వేలు.

మలేషియాకి మనవాళ్లకి వీసా అక్కర్లేదంటే కాగితాలే అక్కర్లేదని కొందరు అనుకుంటారు. కాదు. కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు, తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్, ఖర్చులకు డబ్బుందని చూపే బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గరుండాలి. దిగే ముందు మూడు రోజుల్లోపు వాళ్ల ప్రభుత్వ వెబ్‌సైట్లో ఎరైవల్ కార్డు నింపాలి, దానికి ఫీజు లేదు. అవన్నీ ఫైల్లో సర్దాను. పాస్‌పోర్టులు మాత్రం ఎవరివి వాళ్ల దగ్గరే ఉన్నాయి.

పొద్దున్నే నందిగామలో కారెక్కి, చిల్లకల్లు దగ్గర అక్కని ఎక్కించుకున్నాను. శంషాబాద్‌కి టోల్‌తో కలిపి ఐదున్నర వేలు. అక్క పట్టుచీర చూసి డ్రైవరు "పెళ్లికాండి?" అన్నాడు. "కాదు బాబూ, ఫారిన్‌కి" అని అక్క మురిసిపోయింది. సూర్యాపేటలో టిఫిన్ చేసి, విమానానికి మూడు గంటల ముందే చేరుకున్నాం.

ఇమిగ్రేషన్‌లో నా పని నిమిషంలో అయిపోయింది. అక్క పాస్‌పోర్టుని మెషీన్ చదవలేదు. ఆఫీసరు పేజీ తిప్పి చూపించాడు. ఫోటో పైనున్న ప్లాస్టిక్ పొర లేచి, లోపలంతా పసుపు మరక, పక్కన కుంకుమ.

"ఇదేందమ్మా?"

"శుక్రవారం పూజలో పెట్టానండి. కొట్లోకి కొత్త కాటా కొన్నా బొట్టు పెట్టాకే వాడతాం" అంది అక్క.

"పేజీ ఖరాబయింది. దీంతోని పంపలేనమ్మా, కొత్తది తీసుకోవాలె" అన్నాడాయన, మర్యాదగానే.

నేనూ ఆగిపోతానన్నాను. "ఇద్దరి డబ్బులూ దండగెందుకే? నువ్వెళ్లు. నా పేరున కూడా దణ్ణం పెట్టుకో" అని పంపించింది. వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది. ఆ విగ్రహం ముందు నిలబడితే దణ్ణం కంటే ముందు ఏడుపొచ్చింది. మిగతా రోజులు ఏం చూశానో అడిగితే చెప్పలేను.

మీ ఇంట్లోనూ అలాంటి అలవాటుంటే, పాస్‌పోర్టు జిరాక్స్ కాపీని పూజలో పెట్టండి, బొట్టు దానికే పెట్టండి. బయల్దేరే ముందు అసలుది ఒకసారి తెరిచి చూసుకోండి.

తిరిగొచ్చాక కొత్త పాస్‌పోర్టుకి అప్లై చేద్దామన్నాను. కొట్లో పప్పు తూస్తూ, "వద్దులేవే. స్వామికి నన్ను రప్పించుకోవాలని లేదు" అంది అక్క. స్వామి కాదక్కా, తడి పసుపు అందామనుకున్నాను. అంటే తప్పు తన చేతిదవుతుంది. అనకపోతే స్వామే తనని వద్దన్నాడని జీవితాంతం అనుకుంటుంది.