కామ్‌గా ఉండని కామ్ షాఫ్ట్

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే ఒప్పుకుంటాను. బండి నడిపే మనిషిని ఒక్క మాట అడక్కుండా ఆ బండి ఇంజనుకు కామ్ షాఫ్ట్ ఎంచాను. ఇన్నేళ్ళ తర్వాత ఇదెందుకు గుర్తొచ్చిందంటే, ఈ ఉదయం మెట్ల కింద సామాను సర్దుతుంటే గోనెగుడ్డలో చుట్టిన ఇనప కడ్డీ ఒకటి కాలికి తగిలింది. విప్పి చూస్తే అదే. మూరెడు పైన పొడవు, దాని మీద వరసగా గుడ్డు ఆకారంలో ఉబ్బులు, ఒక్క గీత పడని మెరుపు. ఒంగోలు నుంచి పల్లెకు ఒకసారి వెళ్ళొచ్చిన వస్తువు, అంతకుమించి అరిగే అవకాశం దానికి రాలేదు.

రెండు వేల సంవత్సరం దాటి ఏడాదో రెండేళ్ళో అయివుంటుంది. నేను ఒంగోలులో పాలిటెక్నిక్ పిల్లలకు మెకానికల్ పాఠాలు చెప్పేవాణ్ణి. మా మేనమామకు పర్చూరు అవతల నల్లరేగడిలో పత్తి, మిరప సాగు ఉండేది. వాటితోపాటు నాకంటే వయసులో పెద్దదైన ఒక అంబాసిడర్ కారు. దాన్ని ఆయన ముసలి ఎద్దును తోలినట్టు తోలేవాడు. "పక్కన సైకిలు మీద పొయ్యేవాడు పలకరిస్తే బదులు చెప్పేంత తీరిక ఉండాల్రా బండిలో" అనేవాడు. ఆ ఏడు ఇంజను నూనె తాగి పొగ కక్కటం మొదలెట్టింది. విప్పి బోరు చేయించే పని నాకు అప్పగించాడు. "నువ్వు చదివిందే అది గదరా అల్లుడూ" అని తాళాలు చేతిలో పెట్టాడు. ఆ మాట నా తలకెక్కింది.

ఒంగోలులో నాకు తెలిసిన మేస్త్రి ఒకాయన ఉండేవాడు. స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజనుకు, ఒక కొన చెవికి ఆనించి జబ్బేమిటో చెప్పేవాడు. పాత కామ్ షాఫ్ట్ బాగానే ఉంది, పాలిష్ పట్టి బిగిస్తే చాలన్నాడాయన. నేను వినలేదు. కోయంబత్తూరులో రేసు కార్లు తయారుచేసేవాళ్ళ దగ్గర్నించి ఒకటి తెప్పించాను. వాల్వులు ఎంత లేవాలో, ఎంతసేపు తెరుచుకుని ఉండాలో తేల్చేవి దాని మీద ఉబ్బులే. ఉబ్బు పెద్దదైతే వేగంలో ఇంజను గుండెనిండా గాలి పీలుస్తుంది, నెమ్మదిగా పోయేటప్పుడు ఊపిరందక ఉక్కిరిబిక్కిరవుతుంది. ఈ సంగతి ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినవాణ్ణి నేనే.

మేస్త్రి ఆ కొత్తదాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "ఇది పేరుకే కామండీ సారూ, కామ్‌గా ఉండదు. ఇంతకీ మీ మావయ్యగారు బండి ఏ స్పీడులో తోల్తారు?"

"హైవే ఎక్కి ఎనభైలో కొడితే ఎట్లా పోతుందో చూద్దువుగాని" అన్నాను.

"కొట్టేది ఆయనా, మీరా? ఒక్క మాట ఆయన్ని అడగండి."

"ఆయనకేం తెలుస్తుంది మేస్త్రీ, వ్యవసాయం చేసుకునే మనిషి."

మేస్త్రి స్పానరు అందుకున్నాడు.

తయారైన రోజు మావయ్యే నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. హైవే మీద బండి కోడెదూడలా ఉరికింది. "పరుగు బానే ఉందిరా" అన్నాడాయన. నేను అద్దంలో మీసం చూసుకున్నాను. తర్వాత ఊరి మట్టిరోడ్డు వచ్చింది.

మా వైపు మిరప కల్లాలు దారి పక్కనే వేస్తారు. కోసిన కాయలు అక్కడే రోజుల తరబడి ఎండుతాయి. దుమ్ము పడితే కాయ రంగు చస్తుంది, రంగు చచ్చిన కాయను గుంటూరు యార్డులో ఎవరూ చేత్తో ముట్టరు. అందుకని కల్లం పక్కకు రాగానే ఎంతటివాడైనా బండిని మనిషి నడకకు దించుతాడు. మావయ్యకు నెమ్మది అలవడిందే ఆ దారిలో. ఆ రోజు మొదటి కల్లం, ఎకరంన్నర కౌలుకు చేసుకునే ఒంటరి ముసలావిడది. మర్నాడు లారీకి ఎత్తాల్సిన సరుకు. మావయ్య వేగం తగ్గించాడు. ఇంజను దగ్గి ఆగిపోయింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ ఆగింది.

"రేజ్ చెయ్యి మావయ్యా."

"కల్లం పక్కన రేజ్ చేస్తార్రా ఎవడన్నా?"

మూడోసారీ ఆగింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన్ని పక్కకు జరిపి నేనే స్టీరింగు పట్టాను, గట్టిగా తొక్కాను. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి బండి ఒక్క దూకు దూకింది. వెనక్కి చూస్తే కల్లం కనపడలేదు, దుమ్మూ నల్లపొగే కనిపించాయి. అవి అణిగేసరికి ఎర్రటి కాయలు సగం మేర బూడిదరంగులోకి తిరిగాయి.

ముసలావిడ తిట్టలేదు. "ఇన్నేళ్ళూ ఈ బండి పొయ్యేది, నా కాయలకి తెలిసేదే కాదు. నువ్వు చదువుకున్నవాడివంట గదా నాయనా" అంది.

మావయ్య దిగి, భుజం మీది కండువా తీసి, కల్లం అంచున కూర్చుని కాయలు తుడవటం మొదలుపెట్టాడు. తలెత్తకుండానే అన్నాడు: "దాని నడక తీసేశావేరా అల్లుడూ."

మర్నాటి లారీ ఆవిడ బస్తాలు లేకుండానే వెళ్ళింది. నేను కాలేజీకి సెలవు పెట్టి మూడు రోజులు ఆ కల్లంలో కూర్చున్నాను. ఒక్కో కాయా గుడ్డతో తుడిచి, తిరగేసి ఆరబెట్టటం. చేతులు మండిపోయి అన్నం చెంచాతో తిన్నాను. ఒకసారి మర్చిపోయి కన్ను నలుపుకుంటే ఆవిడే నీళ్ళు కొట్టి, "ఇంజనీరుకి ఇదీ చెప్పాలా" అని నవ్వింది. నాలుగో రోజు బస్తాలు ఇంకో లారీ ఎక్కాయి. యార్డు నుంచి తిరిగొచ్చి ఆవిడ "రంగు నిలిచింది" అని ఒక్క ముక్క చెప్పింది. అప్పుడు గాని మావయ్య నాతో మామూలుగా మాట్లాడలేదు.

ఆ తర్వాత ఒంగోలు వెళ్ళి మేస్త్రి ముందు నిలబడి, ఆయన మాట విననిదీ, మావయ్యనన్న మాటా రెండూ తప్పేనని ఒప్పుకున్నాను. ఆయన బెంచీ కింద నుంచి పాత కామ్ షాఫ్ట్ బయటికి తీశాడు. అప్పటికే పాలిష్ పట్టి, నూనె రాసి ఉంచాడు. "వస్తారని తెలుసండీ" అన్నాడు. ఆ ఏడు నుంచి రిటైరయ్యేదాకా కామ్ షాఫ్ట్ పాఠం మొదలుపెట్టేముందు మేస్త్రి ప్రశ్నే అడిగేవాణ్ణి, ఆయనదని చెప్పి మరీ: బండి తోలేదెవరు, ఎంత వేగంలో?

ఇప్పుడు మావయ్య లేడు. ఆ దారి సిమెంటు రోడ్డయింది, దుమ్మే లేవదు. అయినా కల్లం పక్కకు రాగానే నా కాలు యాక్సిలరేటరు మీంచి దానంతటదే పైకి లేస్తుంది, వెనకవాళ్ళు హారన్లు కొడతారు. ఇరవయ్యేళ్ళు ఎంత వేగంగా పోయాయో గాని, ఆ నాలుగు బారల దారి మాత్రం నాకు ఇంకా మావయ్య నడకలోనే సాగుతుంది.