షంషాద్ కొలత

బందరు మెకానిక్కు హిదాయతుల్లా చేతికి వచ్చేసరికి ఆ పాత కారు తుప్పు తినగా మిగిలిందే. టాపు కోసేసి, వెనక సీటు పీకేసి, రేకులు తనే సుత్తితో సాగగొట్టి దాన్ని ఇద్దరు పట్టే బుల్లి బండి చేశాడు. టేపు ముట్టడు, దేనికైనా జానా బెత్తెడే కొలత. పక్క సీట్లో భార్య షంషాద్‌ని కూర్చోబెట్టి చూస్తే ఆమె కాళ్ళు కిందికి అందలేదు. నవ్వుకుంటూ కాళ్ళ కింద బెత్తెడు ఎత్తున టేకు చెక్క బిగించాడు. రంగు ఆరేదాకా బండి తియ్యనన్నాడు. సరేనని ఆమె కోడూరులో పుట్టింటికి బస్సులో వెళ్ళింది. ఆ వారమే ఉప్పెన వచ్చింది. మనిషి దొరకలేదు.

రెండేళ్ళయినా పొద్దున్నే గుడ్డ తడిపి ముందు ఆ చెక్కే తుడుస్తాడు. పక్క సీట్లో ఎవర్నీ ఎక్కించుకోడు. మొన్న గూడూరు దారిలో ఎండకి సొమ్మసిల్లేలా నడుస్తున్న చేపల సుబ్బాయమ్మని చూసి మాత్రం బండి ఆపాడు. ఆవిడ పొడగరి. మోకాళ్ళు పైకి లేచి ఒళ్లో ఖాళీ గంప నిలవలేదు.

"ఈ చెక్క పీకించెయ్యండి సాయిబుగారూ. ఎవరికోసమండీ ఇది?"

"మా ఇంట్లోవాళ్ళ కొలతకి పెట్టానమ్మా."

"ఆవిడేరండీ?"

"ఉప్పెనకి ముందు కోడూరు వెళ్ళింది," అన్నాడు రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

ఇద్దరు కొడుకుల్ని అదే ఉప్పెనకి ఇచ్చుకున్న సుబ్బాయమ్మ చెక్కకి అంటిన తన కాలి మట్టిని చెంగుతో తుడిచి, కాళ్ళు పైకి తీసుకుని, ఊరొచ్చేదాకా సీటు మీదే మఠం వేసుకు కూర్చుంది.