మందు డబ్బాలో దాచిన ఊలు

మా ఊళ్లో ఊలు అల్లేది నేనొక్కదాన్నే. ప్రత్తిపాడు దగ్గర నల్లరేగడి పల్లె మాది. ధనుర్మాసంలో మొదలైన చలి పుష్యం దాటితే ఉండదు. మిగిలిన కాలమంతా ఎండే. అటువంటి చోట ఊలుతో పనేమిటని మా ఆయన వెటకారం చేసేవారు. "ఈ ఎండకి మేకలే బొచ్చు వద్దంటుంటే నువ్వు కొనితెచ్చుకుంటున్నావు" అనేవారు. నేను పలికేదాన్ని కాదు. పలికితే కుట్ల లెక్క తప్పుతుంది. పైగా నేను కొన్నది ఏనాడూ లేదు.

నాకు అల్లిక నేర్పింది ఎదురింట్లో అద్దెకున్న బడిపంతులుగారి భార్య. ఆవిడ పుస్తకం చూసి అల్లేది. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని, ఆ పుస్తకంలో గీతలూ గుర్తులూ నాకు ఎక్కలేదు. ఆవిడ వేళ్లు చూసి నేర్చుకున్నాను. ఒక్కో వరస పూర్తయినప్పుడల్లా గిన్నెలో ఒక చింతగింజ వేసేదాన్ని. గింజలు లెక్కపెడితే ఎంత అల్లానో తెలిసిపోయేది. రెండు సూదులతో స్వెట్టరు, కొక్కెం సూదితో లేసు, రెండూ పట్టుబడ్డాయి. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఖాళీగా కూర్చోవడం నాకు చేతకాదు. కూర్చున్నా చేతులు ఆడుతూ ఉండాలి.

ఊలు ఎక్కడిదంటే, మా మరిది ఉత్తరాదిన రైల్వేలో పనిచేసేవాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా చిరిగిన స్వెట్టర్లు పారెయ్యకుండా నాకు తెచ్చి ఇచ్చేవాడు. వాటిని విప్పి, కుర్చీ వీపుకి చుట్టి, ఉతికి, బరువుకి కింద చెంబు వేలాడదీసి ఆరబెడితే ముడతలు పోయి కొత్త ఊలులా ఉండేది. చిక్కల్లా దాచడంలోనే. ఊలుకి పురుగు పడుతుంది. ఒక ఏడాది ట్రంకు పెట్టెలో పెట్టిన ముదురాకుపచ్చ ఊలు అంతా తీసి చూసేసరికి జానెడు జానెడు ముక్కలైపోయింది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

అప్పుడే ఆ డబ్బా నా కంటబడింది. పత్తికి చల్లే పొడిమందు వచ్చిన రేకు డబ్బా. బిందెడు నీళ్లు పట్టేటంత ఉండేది, మూత బిగిస్తే గాలి కూడా దూరదు. ఆ రోజుల్లో పత్తి వేసిన ప్రతి ఇంట్లోనూ అవి పోగుపడేవి. వాటిలో ఉప్పు పోసుకున్నవాళ్లున్నారు, కందులు పోసుకున్నవాళ్లున్నారు. నేను తిండి వస్తువు పొయ్యనని పంతం పట్టి, అందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. బూడిదతో తోమి ఎండబెట్టాను. అడుగున రేకు మడత దగ్గర కొంచెం వాసన మిగిలింది. ఇంకోసారి తోముదామనుకుని ఆగిపోయాను. ఆ వాసన ఉంటేనే మంచిది, పురుగు దగ్గరికి రాదు కదా అనుకున్నాను. ఈ మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఆ వాసనని నేను చూసుకోక వదిలెయ్యలేదు, కావాలనే ఉంచాను.

ఆ డబ్బాలో ఊలు నాలుగేళ్లు ఉంది. ఒక్క పోగు కూడా చెడలేదు.

పంతొమ్మిది వందల ఎనభై అయిదు ప్రాంతంలో మా అమ్మాయి తొలి పురిటికి మా ఇంటికి వచ్చింది. బిడ్డ భూమ్మీద పడకముందు బిడ్డకని గుడ్డ కుట్టకూడదు, ఊలు అల్లకూడదు. మా అత్తగారు పెట్టిన కట్టడి అది, నేనూ తప్పలేదు. పుట్టాక పాత చీర ముక్కలో చుట్టి, పురిటి స్నానం అయ్యాకే కొత్తది తొడగాలి. చేతులు ఊరుకోకపోయినా, పురుడయ్యాక మొదలుపెడితే సరిపోతుందిలే అని ఓపిక పట్టాను. ఎనిమిదో నెల నడుస్తుండగానే నొప్పులు వచ్చాయి. గుంటూరులో ఒక చిన్న ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. పిల్లంతా కలిపి నా మోచేతి పొడవు కూడా లేదు.

పది రోజులకి ఇంటికి పంపుతూ పిల్లల డాక్టరు ఒక్కటే మాట పదేపదే చెప్పాడు. వెచ్చగా ఉంచండి, ఈ పిల్లకి చలి తగిలితే నేను చెయ్యగలిగింది ఉండదు అన్నాడు. అది పుష్యమాసం. పొద్దున పొలాల మీద మంచు దిగి ఎదుటి మనిషి కనిపించేది కాదు. ఇంట్లో పిల్లకని ఒక్క టోపీ కూడా లేదు.

డబ్బా మూత తీశాను. లేత పసుపు ఊలు ఉండలు అయిదు ఉన్నాయి. వాడేముందు మళ్లీ ఉతకడం నా పద్ధతి. కాని ఆ మంచులో ఊలు ఆరాలంటే మూడు రోజులు పడుతుంది. శుభ్రంగా ఉన్నదే కదా అని ఉతక్కుండానే సూదుల మీదికి కుట్లు ఎత్తాను. రెండు పగళ్లలో స్వెట్టరు, టోపీ, మేజోళ్లు పూర్తిచేశాను. అల్లుతున్నంతసేపూ తలనొప్పిగానే ఉంది, నోట్లో నీళ్లూరుతున్నాయి. కళ్లద్దాలు మార్చుకోవాల్సిన వయసొచ్చిందనుకున్నాను. వాసన మాట అంటారా, మందు కొట్టే రోజుల్లో ఊరంతా అదే వాసన. మనుషుల బట్టలకీ, పశువుల మేతకీ, బావి గిలకకీ అదే. మా ముక్కులకి అదొక వాసన అన్న గుర్తే పోయింది.

తొడిగిన రోజు పిల్ల చూడముచ్చటగా ఉంది. పసుపు ముద్దలో రెండు కళ్లు. మా ఆయన కూడా వెటకారం మాని, నీ ఊలు ఇన్నాళ్లకి పనికొచ్చింది అన్నారు.

మర్నాడు పొద్దున పిల్ల పాలు పట్టలేదు. పట్టినదీ పక్కనుంచి కారిపోయింది. నోటి వెంట చొంగ తీగలా సాగుతోంది. నుదుటి మీద చెమట. ఏడుపు పిల్లిపిల్ల అరుపంత కూడా లేదు.

"అమ్మా, ఇది చేతిలో జారిపోతోందే" అంది మా అమ్మాయి.

నేను ఎత్తి చూశాను. మెడా కాళ్లూ తడిగుడ్డలా వేలాడుతున్నాయి. చలి తగిలిందనే అనుకున్నాను. టోపీ కిందికి లాగాను. మిగిలిన ఊలుతో రాత్రి అల్లిన చిన్న గొంగడి ముక్క తెచ్చి పైన చుట్టాను. అరగంటకి ఇంకా నీరసపడింది. ఇంకొంచెం బిగించి చుట్టాను. పిల్ల ఊపిరి గురగురలాడుతోంది. నాకు తోచినదల్లా ఒక్కటే, వెచ్చన చాల్లేదని.

పక్కింటావిడ వచ్చి దిష్టి అంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేశాం. ఘాటు రాలేదు. మిరపకాయ కాలినా దగ్గు రాలేదంటే దిష్టి గట్టిదేనని ఆవిడ తేల్చింది. నేనూ నమ్మాను. అలా ఇంకో గంట పోయింది.

ఈలోగా పిల్ల కక్కిన పాలతో స్వెట్టరు ముందుభాగం తడిసింది. అది విప్పి, పాత గుడ్డ చుట్టి, స్వెట్టరు ఎండకి అరుగు మీద పడేశాను. మంచు విడిచి కొంచెం ఎండ వచ్చింది. మా ఆయన ప్రత్తిపాడు నుంచి జీపు తేవడానికి సైకిలెక్కి వెళ్లారు. నేను అరుగు మీదికీ లోపలికీ తిరుగుతున్నాను. అలా తిరుగుతూ స్వెట్టరు వైపు చూశాను.

పాలు కక్కిన గుడ్డ మా ఊళ్లో అరుగు మీద పెడితే క్షణంలో ఈగలు నల్లగా ముసురుతాయి. దాని మీద ఒక్క ఈగ కూడా లేదు. వంగి చూశాను. గోడ పగులులోంచి నల్లచీమలు బారు కట్టి పాల మరక దాకా వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే పడి ఉన్నాయి. వెనకవి ఇంకా నడుస్తున్నాయి, ముందువి కదలడం లేదు. ఊది చూశాను. ఆవగింజల్లా దొర్లాయి.

స్వెట్టరు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అప్పుడు తెలిసింది వాసన. నాలుగేళ్ల కిందట రేకు మడతలో నేను ఉంచిన వాసన.

లోపలికి వెళ్లి పిల్ల ఒంటిమీద టోపీ, మేజోళ్లు, గొంగడి ముక్క అన్నీ ఊడదీశాను. గోరువెచ్చని నీళ్లు పెట్టి సబ్బుతో ఒళ్లంతా కడిగాను. మా అమ్మాయి బెదిరిపోయింది. చలి తగిలిన పిల్లకి నీళ్లేమిటమ్మా, చంపేస్తావా అంది. ఉతికిన పాత పంచెలో పిల్లని చుట్టి తన ఒళ్లో పెట్టాను. స్వెట్టరుని కాగితంలో చుట్టి నా సంచిలో అడుగున పెట్టుకున్నాను.

గుంటూరు దాకా జీపులో పిల్ల ఊపిరి వినిపిస్తుందా లేదా అని చెవి పెట్టి కూర్చున్నాను. గతుకుల్లో జీపు చప్పుడుకి ఊపిరి వినపడేది కాదు. వినపడనప్పుడల్లా పోయిందనుకున్నాను. అట్లా ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇంకో భయం కూడా ఉంది. దాన్ని దాచను. పత్తి ఊళ్లలో మందు అనే మాటకి ఆసుపత్రిలో ఒకే అర్థం, ఎవరో తాగారని, లేకపోతే ఎవరో పట్టించారని. వెంటనే పోలీసు వస్తాడు. పుట్టినది ఆడపిల్ల. చేసినది అమ్మమ్మ. అల్లుడి వైపువాళ్లు ఏమంటారు? ఊరు ఏమంటుంది? నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలియదు. పిల్ల చలికే పోయిందంటారు. నెల తక్కువ పిల్ల కదా అంటారు. ఈ ఆలోచన నాకు వచ్చింది. వచ్చి, దారిలో చాలా దూరం నాతోనే కూర్చుంది.

ఆసుపత్రిలో ఆ పూట ఉన్నది వేరే డాక్టరు. ఆయన పిల్ల గుండె విని, పాలు ఊపిరితిత్తుల్లోకి పోయినట్టున్నాయని చీటీ రాయడం మొదలుపెట్టాడు. ఆయన కలం కదులుతోంది. ఆ చీటీ పూర్తయితే దానికి తగ్గ మందే వేస్తారు, అది ఈ పిల్లకి పనికిరాదు. నా సంచిలోది తీసి బల్ల మీద పెట్టాను.

"డాక్టరుగారూ, పురుగుమందండి. నా చేతిమీదుగానే పిల్ల ఒంట్లోకి పోయిందండి."

మా ఆయన నా వైపు తిరిగారు. మా అమ్మాయి నన్ను చూడలేదు, ఆ కాగితం పొట్లాన్ని చూసింది.

డాక్టరు కలం ఆపాడు. "ఆడపిల్లా?" అని అడిగాడు.

ఎందుకడిగాడో నాకు అర్థమైంది. "ఆడపిల్లేనండి. నా మొదటి మనవరాలు. ఊలు మందు డబ్బాలో దాచానండి. ఉతక్కుండా అల్లి తొడిగానండి" అన్నాను.

ఆయన స్వెట్టరు వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. టార్చి తెమ్మని పిల్ల కనురెప్పలు ఎత్తి చూశాడు. కంటి నడిమి నల్లబొట్టు గుండుసూది మొనంత ఉంది. చీటీ చింపేసి వేరే ఇంజెక్షను పేరు చెప్పాడు, నర్సు పరుగెత్తింది.

రెండు రోజులు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. గంట గంటకీ ఇంజెక్షను ఇచ్చి కళ్లు చూస్తున్నారని నర్సు చెప్పేది. నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం చేతకాని నా చేతులు ఆ రెండు రోజులూ కదల్లేదు. ఖాకీ బట్టలు ఎవరు కనబడ్డా నాకోసమే అనుకుని లేచి నిలబడేదాన్ని. వాళ్లు దాటిపోయేవాళ్లు. డాక్టరు నన్ను నమ్మాడో, జాలిపడ్డాడో, నాకోసం ఎవరూ రాలేదు.

మొదటి సాయంత్రం మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది.

"అది దేని డబ్బానో నీకు తెలుసా అమ్మా?"

"తెలుసు."

"తెలిసే పెట్టావా?"

"తెలిసే పెట్టాను. ఊలు పాడవకూడదని."

తను ఏడవలేదు, నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. లేచి వెళ్లి అవతలి బల్ల మీద కూర్చుంది.

మూడో రోజు పొద్దున పిల్ల గట్టిగా ఏడ్చింది. వరండా దాకా వినబడింది. పాలు పట్టింది. వారం రోజులకి ఇంటికి పంపారు. నేను ఆ ఊలూ స్వెట్టరూ డబ్బాలో పెట్టి, డబ్బాకి పారతో చిల్లులు పొడిచి, ఎవరూ తవ్వి తెచ్చుకోకుండా పుంత దారి పక్కన లోతుగా పాతిపెట్టించాను. ఉప్పూ కందులూ పోసుకున్న ఇళ్లకి వెళ్లి చెప్పాను. కొందరు విన్నారు, కొందరు నీకు పిచ్చి అన్నారు.

మా అమ్మాయి అయిదో నెల దాకా మా ఇంట్లోనే ఉంది. నాతో మాట్లాడేది, వడ్డించేది, ఒంట్లో ఎలా ఉందని అడిగేది. కాని పిల్లని నా చేతికిచ్చే ముందు నా రెండు చేతులూ పట్టుకుని వాసన చూసేది. ప్రతిసారీ చూసేది. వంటింట్లోంచి వచ్చినా, పూజ చేసుకుని వచ్చినా అంతే. ఒకరోజు చుట్టాలొచ్చి ఉండగా అలాగే చూసింది. వాళ్లు ఇదేం ఆచారమమ్మా అని నవ్వారు. నేను చేతులు తిప్పి రెండో వైపు కూడా చూపించాను.