పాప మధ్యాహ్నం నిద్ర

మా పాపకు ఏడాదిన్నర. ఇస్నాపూర్‌లో కిరాయి ఇల్లు. నేను మందుల కంపెనీ ల్యాబ్‌లో, మా ఆయన ముత్తంగి దగ్గర గోదాములో పని చేస్తాం. పాపను చూసుకోవడానికి అత్తమ్మ ఊరు విడిచి వచ్చి మాతో ఉంటోంది.

కంపెనీలో మా పిల్లల్ని చూసుకునే గది పెట్టమని అడుగుదామన్న మాట వచ్చినప్పుడు క్యాంటీన్‌లో ఆడవాళ్ళమే రెండుగా చీలాం. చట్టమే ఉంది కదా అన్నారు కొందరు. పిల్లల్ని ఆయాల చేతిలో పెట్టడం మన ఇళ్ళలో ఉందా, పెద్దవాళ్ళు ఎందుకున్నారు అన్నారు ఇంకొందరు. ఈమెను చూడండి, అత్త ఉంది, నిశ్చింతగా ఉంది అని నన్ను చూపించారు. నేను తలూపి అన్నం తిన్నాను. అప్పటికే నాకు అనుమానం పట్టుకుంది.

నేను డ్యూటీకి వెళ్ళిన రోజుల్లో పాప మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా నిద్రపోయేది. లేపితే మెడ వాల్చేసేది. నేను ఇంట్లో ఉన్న ఆదివారాలు కునుకు కూడా తీయదు. నిద్ర పట్టాలని అత్తమ్మ దగ్గుమందు పోస్తోందేమోనని సీసా మీద పెన్నుతో గీత పెట్టాను. మందు గీత దిగలేదు. అత్తమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె సంచి వెతికాను. వక్కలు, రెండు చీరలు, మామయ్య ఫొటో. ఏమీ దొరకనందుకు ఇంకా భయమేసింది.

ఒకరోజు ల్యాబ్‌లో ఏదో మిషన్ చెడిపోయి మమ్మల్ని ముందే పంపేశారు. ఇంటికొచ్చేసరికి అత్తమ్మ పాపను ఒళ్ళో వేసుకుని, చిన్న గిన్నెలోంచి చెంచాతో పోస్తోంది. గదంతా పులిసిన వాసన.

"అత్తమ్మా, పిల్లకు కల్లు తాపుతున్నవా?"

ఆమె గిన్నె దాచలేదు. "రెండు చెంచాలకేమైతది బిడ్డా? కడుపు సల్లగుంటది. నాట్లకు పోయినప్పుడు మేం గిట్లనే తాపి గట్టు మీద పండబెట్టేటోళ్ళం. నీ మొగడు గట్ల పెరిగినోడే."

"ఏడికెళ్ళి తెచ్చినవ్?"

"దుకాణంల. ఈడ ఈతచెట్లు యాడున్నయ్?"

ఊళ్ళో ఆమె తాపింది చెట్టు నుంచి దించిన కల్లు. ఇక్కడి దుకాణాల కల్లులో మత్తుపొడి కలుపుతారని అందరూ అంటారు. ఆ మాటే చెప్పాను. అత్తమ్మ గిన్నె కింద పెట్టి పాప మూతి కొంగుతో తుడిచింది. నిజంగా తెలియదో, తెలిసీ పిల్ల పడుకుంటే చాలనుకుందో, ఆ ముఖంలో నాకు అంతు చిక్కలేదు.

పాపను డాక్టరుకు చూపించాం. ప్రాణానికి ముప్పు లేదు, ఇంకోసారి చుక్క కూడా పోయొద్దు అన్నారు. దారిలో మా ఆయన, "మా అమ్మ కావాల్నని చేస్తదా?" అన్నాడు. కావాలని చేసిందని నేను అనలేదు. చేయలేదని కూడా అనలేదు.

మర్నాడు సెలవు పెట్టాను. ఆ మధ్యాహ్నం పాప పడుకోలేదు. ఒకటే ఏడుపు. ఎత్తుకుంటే నన్ను తోసేసి నానమ్మ వైపు చేతులు చాచింది. అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది, లేవలేదు. అక్కణ్ణుంచే అడిగింది.

"ఎత్తుకోమంటవా?"

సొంత మనవరాలిని ఎత్తుకోవడానికి నా అనుమతి అడిగింది. ఎత్తుకోమన్నాను. పాపను భుజాన వేసుకుని ఆమె గదిలో అటూ ఇటూ తిరిగింది. బయట గాలికి తిప్పుకొస్తానంది. నేనూ చెప్పులు వేసుకుని వెనకే బయలుదేరాను.