ఊకె వచ్చిన నూనెసీసా

భోజన్న తాత పొలానికి పోయే ముందు మొహానికి తెల్లని క్రీము రాసుకుంటాడు. డెబ్బై దాటిన మనిషి. గోడకు వేలాడే అద్దం ముందు నిలబడి ముక్కు మీద ఒక చుక్క, చెంపల మీద చెరో చుక్క, నుదుటి మీద ఇంకో చుక్క పెట్టుకుని, దేవుడి పటానికి గంధం పూసినంత భక్తిగా పులుముకుంటాడు. కొత్తగా చూసినవాళ్లు ఈయన నాటకంలో వేషం కట్టబోతున్నాడనుకుంటారు.

"ఓ భోజన్నా, గిప్పుడు తెల్లగయ్యి ఏం జేస్తవే? పిల్లనెవలిస్తరు నీకు?" అని వాడకట్టులో అడగని మనిషి లేడు.

"తెల్లగయ్యేటందుకు గాదురా, కాలకుంట ఉండేటందుకు," అని తాత జవాబు. ముప్పై ఏళ్లుగా అదే జవాబు, అక్షరం మారదు.

ఐలవ్వ నానమ్మ మాత్రం ఆ ట్యూబును "నా సవితి" అంటుంది. "దుబాయికెల్లి అందరు బంగారం దెచ్చిండ్రు. ఈయన సవితిని దెచ్చిండు" అని ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతుంది. ఏది అన్నా నవ్వి ఊరుకునే తాత ఆ ట్యూబును అంటే మాత్రం ఊరుకోడు. దాని వెనక ఒక మనిషి ఉన్నాడు. అంతకంటే ముందు రెండు చేతులున్నాయి.

చేతుల సంగతే ముందు చెప్పాలి. ఎనభైల నడుమ భోజన్న రువైస్‌లో పనికి కుదిరాడు. ఊళ్లోవాళ్లకు అది కూడా దుబాయే. నిజానికి అది అబుదాబి నుంచి బస్సులో గంటలకొద్దీ పోతే వచ్చే నూనె శుద్ధి చేసే ఊరు. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క తెల్లగా ఉప్పు తేలిన నేల. అక్కడ ఎండ పైనుంచే కాదు, కిందినుంచి కూడా కొడుతుంది. మొదట్లో భోజన్నను కాంక్రీటు పనిలో వేశారు. ఆ సిమెంటు ఆయన ఒంటికి పడలేదు. వేళ్ల సందులు పగిలాయి, అరచేతులు చీలి నెత్తురొచ్చేది. అన్నంలో కూర కలుపుకుంటే కారం మండి కళ్లలో నీళ్లు తిరిగేవి. చివరికి చెంచాతో తినడం మొదలుపెట్టాడు. క్యాంపులో అందరూ "దొరవారు భోంచేస్తున్నరు, జరుగుండ్రి" అని దారి ఇచ్చేవాళ్లు. నవ్వేవాడే గానీ, చేత్తో కలుపుకోని అన్నం ఆయనకు కడుపులోకి పోయినట్టే ఉండేది కాదు.

అక్కడినుంచి ఆయనను బయటపడేసినవాడు ఆదిశేషు. కాకినాడ వైపు మనిషి, సర్వేయరు. నేల ఎత్తుపల్లాలు కొలవడం ఆయన పని. ఒకచోట మూడుకాళ్ల మీద దుర్బిణి పెట్టి చూస్తాడు. దూరంగా ఇంకొకడు అంకెలు రాసిన పొడవాటి కొలకర్రను నిటారుగా పట్టుకుని నిలబడాలి. కర్ర రవ్వంత వాలినా లెక్క తప్పు వస్తుంది. పొద్దున బస్సు కోసం నిలబడ్డ గుంపులో అందరూ కాళ్లు మార్చుకుంటూ ఉంటే, ఒక్క భోజన్న పాతిన స్తంభంలా ఉండటం ఆదిశేషు కంటపడింది.

"నువ్వు రావయ్యా నాతో. నిలబడటమే పని. చేస్తావా?"

"నిలవడుడు గూడ ఒక పనా సారూ?" అన్నాడు భోజన్న. నవ్వులాట అనుకున్నాడు.

ఆ దుర్బిణి పాతరకంది. అందులో అన్నీ తలకిందులుగా కనిపించేవి. సారుకు తాను కాళ్లు పైకి, తల కిందికి కనబడతాడని తెలిసిన రోజు భోజన్న ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో చొక్కా జేబు పట్టుకుని నిలబడ్డాడు. జేబులోని దువ్వెన పడిపోతుందేమోనని! ఈ ముక్క తాత చెప్పలేదు, ఆదిశేషు ఎవరితోనో చెబితే ఊరిదాకా వచ్చింది. తాత ఇప్పటికీ ఒప్పుకోడు.

సిమెంటు వదలగానే చేతులు మానాయి. పప్పన్నం మళ్లీ చేత్తో కలిపి ముద్ద చేసుకున్న రోజు, తినడం మరిచి ఆ ముద్దనే కాసేపు చూస్తూ కూర్చున్నాడట.

చేతులు బాగుపడితే మొహం తిరగబడింది. భోజన్నది జిడ్డు మొహం. మామూలు జిడ్డు కాదు, సబ్బుతో కడిగి తువ్వాలు ఆరేసేలోపు మళ్లీ మెరిసేది. దాని మీద ఆ ఎండ పడితే మూకుడులో నూనె కాగినట్టే. ముక్కు ఉల్లిపొరలా లేచింది, చెంపలు పొక్కాయి.

మొదట ఇంటిదగ్గర చేసినట్టు కొబ్బరినూనె రాశాడు. జిడ్డుకు జిడ్డు తోడై మొహమంతా కురుపులు లేచాయి. క్యాంపు బస్సు నడిపే నెల్లూరు హబీబుల్లా వ్యాజిలైను డబ్బా ఇచ్చి, "రుద్దు భోజన్నా, ఎండ జారి కింద పడిపోద్ది" అన్నాడు. ఎండ జారలేదు గానీ ఎగిరొచ్చిన ఇసుకంతా మొహానికి అంటుకుంది. సాయంత్రానికి ఆ మొహంతో తుప్పుపట్టిన పైపులు గీకొచ్చు. తర్వాత రుమాలు మొహం చుట్టూ కట్టాడు. గాలికి దాని కొసలు కొలకర్ర అంకెల మీద ఆడేవి, లోపలి చెమట నూనెతో కలిసి కళ్లలోకి దిగేది. కళ్లు మండితే మనిషి తుడుచుకుంటాడు. తుడుచుకుంటే కర్ర వాలుతుంది.

వాలింది. ఒక ట్యాంకు పునాదికి కొట్టిన గుర్తులన్నీ తప్పని తేలాయి. పనంతా మళ్లీ చేయాల్సి వచ్చింది. ముదీర్, అంటే అక్కడి పెద్ద మేనేజరు, వేరే మనిషిని చూసుకోమని ఆదిశేషుకు చెప్పి వెళ్లాడు.

"ముదీరుని శనివారం దాకా ఆగమన్నాను," అన్నాడు ఆదిశేషు. "ఈలోగా ఆ మొహాన్ని ఏదో ఒకటి చెయ్యవయ్యా బాబూ. శనివారం కూడా కర్ర ఊగిందంటే నా చేతుల్లో ఏం లేదు. మళ్లీ కాంక్రీటులోకే పంపేస్తారు."

భోజన్న తన మొహాన్ని తడుముకోలేదు. అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

శుక్రవారం హబీబుల్లా బస్సులో అబుదాబి చేరాడు. వీధి వీధంతా షట్టర్లు దించి ఉంది. అందరూ నమాజుకు పోయారు. ఒక మందుల షాపు ముందు రవ్వంత నీడ వెతుక్కుని నిలబడ్డాడు. ఎంతకీ ఎవరూ రారు.

"వీని దుకాణం పాడుగాను! ఎప్పుడు తీస్తడో ఏమో," అని గట్టిగానే గొణిగాడు. అబుదాబిలో తెలుగు ఎవరికి తెలుస్తుందని ధైర్యం.

"పాడు గాకుంటే ఇప్పుడే తీస్తాడు లేన్నా," అంది వెనక నుంచి ఒక గొంతు.

నెత్తిన టోపీ, చేతిలో తాళంచెవుల గుత్తి, మొహాన నవ్వు. జిలానీ బాషా. రాయచోటి మనిషి, ఆ షాపులో సామాను అందించే పని. భోజన్నకు నేల చీలి అందులో దూరిపోతే బాగుండుననిపించింది. జిలానీ మాత్రం షట్టరు ఎత్తి, "రా అన్నా, లోపల ఏసీ ఉండాది. తిట్టేదేదో సల్లగా కూచోని తిట్టు," అన్నాడు.

భోజన్న మొహం చూపించి, కర్ర సంగతి, శనివారం సంగతి, సిమెంటు సంగతి అన్నీ చెప్పేశాడు. "ఎండకు కాలొద్దు. జిడ్డుగావొద్దు. చెమటకు కండ్లల్లకు కారొద్దు. గసొంటిది ఉందా తమ్మీ?"

జిలానీ లోపలున్న మందులాయనను అడిగి మూడు ట్యూబులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "పేర్లు జూసి కొంటే మోసపోతావు. నీ మొహాన్నే అడుగుదాం." ఒకటి కుడి చెంపకు, ఒకటి ఎడమ చెంపకు, మూడోది నుదుటికి పూశాడు. "ఇంగ పో. ఆ మసీదు దాకా ఎండలో నడిసి రాపో."

మొహం మీద మూడు రాష్ట్రాలతో భోజన్న అబుదాబి వీధిలో నడిచాడు. ఎదురొచ్చిన ఒక పఠాన్ ఆగి, పాపం జబ్బేమో అనుకుని దువా చేసి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి జిలానీ పాత పేపరు మూడు ముక్కలు చించి పెట్టుకుని ఉన్నాడు. బజ్జీలు కట్టిన కాగితాన్ని చూసినట్టు, ఒక్కో ముక్కను ఒక్కోచోట అద్ది వెలుతురుకు పట్టి చూశాడు.

కుడి చెంపది సముద్రంలో ఈదే తెల్లదొరలు రాసుకునేదట. నూనె పీల్చిన ఆ కాగితంలోంచి ఎదురింటి కిటికీ కనబడింది. నుదుటిది కళ్లలోకి దిగి ఎడమ కన్ను అప్పటికే ఎర్రబడింది. ఎడమ చెంప కాగితం మాత్రం పొడిగా, పేపరు పేపరులాగే ఉంది.

"ఇదే అన్నా నీది," అన్నాడు జిలానీ.

భోజన్న ట్యూబు చేతిలోకి తీసుకున్నాడు. దాని మీద రెండు మాటలు పెద్దగా ఉన్నాయి. ఆయన ఇంగ్లీషు చదువుకోలేదు. కానీ రువైస్‌లో ప్రతి డ్రమ్ము మీద, ప్రతి ట్యాంకు మీద ఉండే మాట ఆయిల్, అది చూస్తే చాలు గుర్తుపడతాడు. రెండో మాట బొంబాయిలో విమానమెక్కే ముందు సబ్బు ప్యాకెట్టు మీద చూశాడు. సబ్బు కొంటే గ్లాసు ఫ్రీ.

"ఇది ఇయ్యి తమ్మీ. నూనె సీస గూడ ఇయ్యి."

"ఏం నూనె?"

"గీడ రాసిందిగదా, ఆయిల్ ఫ్రీ అని. ఊకె వచ్చేదాన్ని ఎందుకు ఇడిసిపెట్టాలె?"

జిలానీ కౌంటరు కిందికి వంగి చాలాసేపు లేవలేదు. సీసా వెతుకుతున్నాడనుకున్నాడు భోజన్న. చివరికి లేచి, కళ్లు తుడుచుకుంటూ వెనక గదిలోకి పోయి ఒక నూనెసీసా తెచ్చి ట్యూబు పక్కన పెట్టాడు.

"దీనికి పేరు కాగితం లేదేంది?"

"ఊకె ఇచ్చేదానికి పేరు ఎవురేస్తారన్నా? ఇది తలకు, అది మొహానికి. మారిస్తే మల్లా నా దగ్గిరికే వస్తావు."

శనివారం పొద్దున ఎడమ చెంప మందును మొహమంతా రాసుకుని భోజన్న కర్ర పట్టుకున్నాడు. ఎండ ఎక్కింది. ఉప్పునేల తళతళ మెరిసింది. చెమట పట్టింది గానీ కళ్లలోకి దిగలేదు, ఇసుక వాలింది గానీ అంటుకోలేదు. దుర్బిణి వెనక ఆదిశేషు చూసి చూసి తల పైకెత్తాడు.

"ఏంటయ్యా, నువ్వే నిలబడ్డావా, లేకపోతే స్తంభం పాతి వెళ్లిపోయావా?"

పొద్దువాలేసరికి ముదీర్ వచ్చి గుర్తులు సరిచూసుకుని, అన్నీ సరిపోయాయని "ఖలాస్" అన్నాడు. వేరే మనిషి మాట అక్కడితో పోయింది.

చాయ్ దగ్గర ఆదిశేషు ట్యూబు అడిగి తీసుకుని చూశాడు. భోజన్న ఉత్సాహం ఆగలేదు. "దీనిమీద నూనె గూడ ఊకె ఇచ్చిండ్రు సారు. మస్తు మంచి నూనె. మా రూమోళ్లందరం తలలకు వెట్టుకున్నం."

"వచ్చే వారం నేనూ పోతన్నా. నాకూ ఒక సీసా," అన్నాడు హబీబుల్లా.

ఆదిశేషు చాయ్ పొలమారింది. దగ్గు తగ్గాక, "ఆయిల్ ఫ్రీ అంటే నూనె ఇస్తారని కాదయ్యా! ఇందులో నూనె లేదని!"

ఎండకు కూడా అంత ఎర్రబడలేదు భోజన్న మొహం. "మరి గా పిలగాడు ఇచ్చిన సీసా?"

"ఇంకెక్కడిది? అతని సొంతానిదే అయ్యుంటుంది."

భోజన్న శుక్రవారం మళ్లీ బస్సెక్కాడు. నూనె క్యాంపు తలలకెక్కి అయిపోయింది గనక, ఐలవ్వ పంపిన మామిడికాయ తొక్కు పచ్చడి జాడీ వెంట తీసుకుపోయాడు. షాపులోకి పోయి దాన్ని కౌంటరు మీద పెట్టాడు.

జిలానీ మూత తీశాడు. పైన వేలెడు మందాన ఎర్రటి నూనె తేలుతోంది.

"ఇది ఆయిల్ ఫ్రీ కాదన్నోయ్!"

ఇద్దరూ కౌంటరుకు అటొకరు ఇటొకరు వంగి నవ్వారు. లోపలి మందులాయన బయటికొచ్చి చూసి, ఏమీ అర్థంకాక వెళ్లిపోయాడు.

"నూనె యాడిది తమ్మీ?" అన్నాడు భోజన్న నవ్వు ఆగాక.

"మా అమ్మ కాసి పంపింది. మందారాకేసి."

"గంత దూరంకెల్లి అమ్మ పంపితే నాకెందుకిచ్చినవు? లేదంటే అయిపోతుండెగదా."

జిలానీ జాడీ మూత గట్టిగా బిగించాడు. "నువ్వొచ్చే దాకా తెలుగు ఇని ఎన్నాళ్లయిందో నాకే తెలీదు. లేదని చెప్తే నువ్వు సిగ్గుపడి పోతావు. మల్లా వస్తావా? నూనె ఇస్తే సీసా ఇచ్చేదానికైనా వస్తావు గదా."

"సీస మర్చిపోయిన," అన్నాడు భోజన్న.

"మంచిదే. వచ్చే వారం తీసుకరా."

ఆ సీసా ఏ వారమూ గుర్తుకు రాలేదు. భోజన్న రువైస్‌లో ఉన్నన్నాళ్లూ ట్యూబు అయిపోయినా అయిపోకపోయినా అబుదాబి పోతూనే ఉన్నాడు.

ఆ సీసా ఇప్పుడు ఇక్కడ, అద్దం పక్కన గూట్లో ఉంది. ఐలవ్వ అందులో నువ్వులనూనె పోస్తుంది. ఇంటికి ఏ వస్తువొచ్చినా, దానిమీద ఫ్రీ అని ఉంటే చాలు, భోజన్న తాత ముక్కు మీద తెల్లచుక్కతోనే తిరిగి అడుగుతాడు: "ఫ్రీ అంటే ఇస్తరనా, లేదనా?" ఇంట్లో మనవళ్ల ఇంగ్లీషూ అంతంతే. ఎవరూ గట్టిగా చెప్పలేరు. పక్కింటివాళ్లను అడగాల్సిందే.

పొలం నుంచి వచ్చాక తాత కాళ్లు కడుక్కుని పళ్లెం ముందు కూర్చుంటాడు. చెంచా వేస్తే తీసి పక్కన పెడతాడు. వేడన్నంలో తొక్కు వేసుకుని, అయిదు వేళ్లూ పెట్టి కలుపుతాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు పెదాలు కదులుతాయి. అన్నదాతను తలుస్తున్నాడని చుట్టాలనుకుంటారు. దగ్గర కూర్చుంటే వినబడేది మాత్రం, "సల్లగుండు జిలానీ," అని.